పాత కారు ఇంజన్ నంబరు ఏం చెబుతుంది?

నాకు పాత అమెరికన్ కార్ల పిచ్చి ఉందని తెలిసిన మిత్రులు తరచూ ఒక ప్రశ్న అడుగుతుంటారు: "ఇంజన్ నంబరు చూస్తే కారు వయసు తెలుస్తుందా?" కొంతవరకే తెలుస్తుంది. ఎందుకో చూద్దాం.

ఇండియాలో ఆర్‌సీ బుక్కులో ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు వేర్వేరుగా ఉంటాయి. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1908లో మొదలైన ఫోర్డ్ మోడల్ టీకి మాత్రం దాదాపు చివరిదాకా ఇంజన్ నంబరే కారు నంబరు. ఇంజన్ తయారవగానే నంబరు కొట్టేవారు. తరవాత చాలా ఇంజన్లు దూరపు బ్రాంచి ఫ్యాక్టరీలకు వెళ్ళి, అక్కడ కార్లలో చేరేవి. ముందొచ్చింది ముందే వాడాలన్న పట్టింపు లేదు. అందుకే ఇంజన్ డిసెంబరుది, కారు ఫిబ్రవరిది కావచ్చు. పైగా మోడల్ టీ కార్లు 1927లో ఆగిపోయినా, ఆ ఇంజన్ల తయారీ 1941 దాకా సాగింది!

అప్పట్లో చాలా రాష్ట్రాల్లో టైటిల్ ఇంజన్ నంబరు మీదే ఇచ్చేవారు. మధ్యలో ఎవరైనా ఇంజన్ మార్చి ఉంటే కాగితానికీ కారుకీ పొత్తు కుదరదు. తరవాతి మోడల్ ఏలో ఇంజన్ నంబరునే ఫ్రేము మీద కూడా కొట్టారు. కానీ అది బాడీ కింద దాక్కుంటుంది.

1960ల షెవర్లే వీ-8 ఇంజన్లలో తేదీలు రెండుచోట్ల ఉంటాయి. బ్లాకు పోత పోసిన తేదీలో నెలకు ఒక అక్షరం (జనవరికి ఏ), రోజు, సంవత్సరపు చివరి అంకె ఉంటాయి. 7 అంటే 1967 కావచ్చు, 1977 కావచ్చు. ముందువైపు ఉన్న చదునైన చోట ఇంజన్ బిగించిన నెల, రోజు, ఏ రకమో చెప్పే కోడు ఉంటాయి. దశాబ్దం చివరికొచ్చేసరికి కారు సీరియల్ నంబరులో కొంత భాగం కూడా అక్కడే చేరింది.

వరుస ఎప్పుడూ ఇదే: ముందు పోత, తరవాత ఇంజన్, ఆ తరవాత కారు. ఈ వరుస తప్పిందంటే ఆ ఇంజన్ ఆ కారుతో పుట్టింది కాదు. రిపేరులో ఆ చదును చోటును మెషీన్ మీద అరగదీస్తే పాత నంబరు పోతుంది. కొత్తది కొట్టి అమ్మేవాళ్ళూ ఉన్నారు.

సరదాగా నడుపుకోవడానికైతే ఏ ఇంజన్ ఉన్నా ఫరవాలేదు. "ఒరిజినల్ ఇంజన్" అని వేల డాలర్లు అదనంగా అడిగితే మాత్రం, తేదీలూ టైటిలూ పక్కపక్కన పెట్టి చూశాకే చెక్కు రాయండి.