తేదీ లేని తద్దినం

1979 డిసెంబరులో ఒక విలేఖరి అర్జెంటీనా సైనిక నియంత హోర్హె విదేలాను మాయమైనవాళ్ల సంగతేమిటని అడిగాడు. మాయమైన మనిషి బతికీ లేడు, చచ్చీ లేడు, అసలు లేనే లేడు పొమ్మన్నాడు విదేలా. ఆ జవాబుకు బదులు చెప్పడానికి అక్కడి రచయితలకు ఇరవై ఏళ్లు పట్టింది. వాళ్లలో యూదు కుటుంబాల పిల్లలు చాలామందే ఉన్నారు.

1976 మార్చి 24న గద్దెనెక్కిన సైన్యం 1983 దాకా దిగలేదు. ఎత్తుకుపోయినవాళ్లలో దాదాపు 9 వేల మంది ఆచూకీ లేదని ప్రభుత్వ విచారణ సంఘం 1984లో లెక్క తేల్చింది. మానవ హక్కుల సంఘాలు 30 వేలంటాయి. దేశ జనాభాలో యూదులు ఒక శాతానికి అటూ ఇటూ. మాయమైనవాళ్లలో మాత్రం 5 నుంచి 12 శాతం వాళ్లేనని రకరకాల అంచనాలున్నాయి. యూదులైనందుకే అందరినీ పట్టుకెళ్లారని చెప్పలేం. సైన్యం అనుమానించిన విద్యార్థుల్లో, విలేఖరుల్లో, మానసిక వైద్యుల్లో, వామపక్ష కార్యకర్తల్లో వాళ్లు ఎక్కువగా ఉండేవాళ్లు. లోపలికి వెళ్లాక యూదుడని తెలిస్తే మాత్రం దెబ్బలు వేరు, తిట్లు వేరు. విచారణ సంఘం నివేదికలో దీనికి విడిగా ఒక భాగమే ఉంది. హింస పెట్టే గదుల్లో హిట్లర్ బొమ్మలు చూశామని బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు.

పత్రికా సంపాదకుడు హకోబో టిమెర్మన్‌ను 1977లో పట్టుకెళ్లి, పెటగోనియాను కబళించడానికి యూదులు పన్నిన కుట్ర ఏమిటో చెప్పమని కరెంటు పెట్టి మరీ అడిగారు. అలాంటి కుట్ర లేదు, చెప్పడానికి ఆయన దగ్గరా ఏమీ లేదు. 1979లో పౌరసత్వం లాగేసి దేశం నుంచి వెళ్లగొట్టాక, 1981లో ఆయన తన జైలు పుస్తకం అచ్చువేశారు. అందులో సైన్యం మీద ఎంత కోపముందో, నోరు మెదపని యూదు పెద్దల మీదా అంతే ఉంది. పుస్తకాన్ని మాత్రం మార్షల్ మేయర్‌కు అంకితమిచ్చారు. జైళ్లకు వెళ్లి ఖైదీలను పలకరించిన రబ్బీ (యూదు మతగురువు) ఆయన.

ఇక్కడ ఆచారం సంగతి కొంత చెప్పాలి. యూదుల్లో తల్లిదండ్రులు పోతే పిల్లలు కద్దిష్ ప్రార్థన చదువుతారు. ఏటా ఆ తిథికి దీపం పెడతారు. మరి తిథి తెలియకపోతే? నాజీ శిబిరాల్లో పోయినవాళ్లకు ఎలాగూ తెలియదు కాబట్టి, ఇజ్రాయెల్ రబ్బీలు యూదు పంచాంగంలోని టెవెట్ నెల పదో రోజును అందరికీ కలిపి నిర్ణయించారు. శవం దొరకనివాళ్లకు మనవైపు దర్భలతో బొమ్మ చేసి దహనం చేసినట్టే ఇదీ ఒక ఏర్పాటు. బ్యూనస్ ఐరిస్ తల్లులకు ఆ ఏర్పాటు కూడా పనికిరాలేదు. బిడ్డకు కద్దిష్ చదివితే చనిపోయాడని ఒప్పుకున్నట్టే. ఎత్తుకెళ్లినవాళ్లకు కావలసిందీ అదే. ముగ్గురు పిల్లలను పోగొట్టుకున్న రెనే ఎపెల్‌బామ్ లాంటివాళ్లు తెల్ల రుమాళ్లు కట్టుకుని ప్లాసా దె మాయో చౌకులో తిరిగారు. బతికున్నవాళ్లను బతికున్నట్టే తెచ్చివ్వమన్నది అక్కడి తల్లుల నినాదం.

ఈ ముడి విప్పడం రాజకీయాల వల్ల కాలేదు. 1985లో సైనికాధికారులకు శిక్షలు పడ్డాయి. ఆ వెంటనే వచ్చిన చట్టాలు మిగతా విచారణలను ఆపేశాయి, 1989-90లో అధ్యక్షుడు మెనెమ్ దోషులకు క్షమాభిక్ష పెట్టారు. కోర్టులు మూసుకున్న ఆ ఏళ్లలోనే నవలలు వచ్చాయి.

సెర్హియో చెహ్‌ఫెక్ మొదటి నవల 1990లో వచ్చింది. అందులో పోలెండ్ నుంచి వలస వచ్చిన తండ్రి, అక్కడ నాజీల చేతుల్లో పోయిన తనవాళ్ల గురించి నోరు విప్పడు. కొడుకు ఊహించుకోవడం తప్ప చేయగలిగింది లేదు. 1999 నాటి ‘లోస్ ప్లానెటాస్’లో మాయమైంది చిన్ననాటి స్నేహితుడు. ఊరి బయట పేలుడు జరిగిందన్న వార్త చదివి, అందులో ఛిద్రమైన శరీరాల ముక్కల్లో అతనూ ఉన్నాడని కథకుడు అనుకుంటాడు. ఆధారం ఉండదు. తండ్రి మౌనం ముందు కూర్చుని నేర్చుకున్న పద్ధతే స్నేహితుడి విషయంలో అక్కరకొచ్చింది. రెండు ఘోరాలూ ఒకటేనని మాత్రం ఆయన ఎక్కడా అనడు. నాకు ఆయన గొప్పగా కనిపించేది అక్కడే. అదే ఏడాది వచ్చిన మానుయెలా ఫింగెరెట్ నవల ఇంకో దారి పట్టింది. కూతురు నౌకాదళం వాళ్ల ఎస్మా చెరలో, తల్లి ఒకప్పుడు నాజీల తెరెజిన్ శిబిరంలో. ఇద్దరి కథలూ పక్కపక్కనే నడుస్తాయి. కొన్నిచోట్ల పోలిక మరీ బిగుసుకుందనిపిస్తుంది. తల్లి చెప్పకుండా దాచినదాన్ని కూతురు చెరలో కూడబలుక్కునే చోట్ల ఆ ఇబ్బంది లేదు.

కవి హువాన్ హెల్మాన్ దారి ఈ ఇద్దరిదీ కాదు. యుక్రెయిన్ నుంచి వచ్చిన కుటుంబంలో అర్జెంటీనాలో పుట్టిన ఒకే ఒక్క బిడ్డ ఆయన. 1976 ఆగస్టులో, ఆయన ప్రవాసంలో ఉండగా, ఇరవై ఏళ్ల కొడుకు మార్సెలోను, ఏడో నెల గర్భిణి అయిన కోడలు మరియా క్లౌదియాను ఎత్తుకుపోయారు. ఆ దుఃఖంలో 1983-85 మధ్య ఆయన రాసిన చిన్న కవితలు స్పెయిన్ యూదుల పాత భాషలో ఉన్నాయి. 1492లో దేశం నుంచి తరిమేస్తే వాళ్లు మూటగట్టుకుపోయిన భాష అది. హెల్మాన్ ఇంట్లో ఎవరూ మాట్లాడింది కాదు, ఆయన పూర్వీకులు అసలు ఆ శాఖవాళ్లే కాదు. అయినా ఐదొందల ఏళ్ల నాటి ఆ ప్రవాసాన్ని కావాలని ఎంచుకున్నారు. 1994లో అచ్చయిన ఆ పుస్తకం పేరు ‘దిబాషు’. నియంత పేరు, హింస ఊసు ఎత్తకుండా అవి ప్రేమ కవితల్లా సాగుతాయి. తన దుఃఖానికి తన కాలం చాలలేదు కాబోలు.

కొడుకు అస్థికలు సిమెంటు నింపిన డ్రమ్ములో దొరికాయి. 1990లో గుర్తుపట్టారు. కోడలిని ఉరుగ్వేకు తరలించి, కాన్పయ్యాక బిడ్డను వేరే కుటుంబానికి ఇచ్చేశారని తర్వాత తేలింది. 2000లో మోంతెవిదేయోలో తాత మనవరాలు మకరేనాను కలిశారు. అప్పటికి ఆమెకు 23 ఏళ్లు. ఆ కేసు అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్లింది. 2011లో ఉరుగ్వేదే తప్పని తీర్పొచ్చింది. మరుసటేడు ఆ దేశాధ్యక్షుడు ముహీకా పార్లమెంటులో బాధ్యత ఒప్పుకున్నారు. మరియా క్లౌదియా అస్థికలు మాత్రం 2014లో హెల్మాన్ మెక్సికోలో కన్నుమూసే నాటికీ దొరకలేదు.