పెట్టెలోని గాలికీ కిరాయి



మన శోళవరం మీదుగా చెన్నై నుంచి కోల్‌కతా వైపు పోయే పెద్ద రోడ్డును మీరు చూస్తూనే ఉంటారు. ఇనుప కమ్మీల లోడుతో ఒక లారీ వెళుతుంది. అందులో సగానికి పైగా చోటు ఖాళీయే. అయినా మోయగలిగినంత బరువూ ఎక్కేసింది. దాని వెనకే పరుపుల లోడు వస్తుంది. బరువు తక్కువే, కానీ ఇంకొక దిండు దూర్చడానికి కూడా సందు లేదు. డీజిలు ఖర్చు, డ్రైవరు బత్తా రెండింటికీ తప్పవు. అందుకే లారీ యజమాని బరువునూ చూస్తాడు, చోటునూ చూస్తాడు.

ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో సరుకు అమ్ముకునేవారు తెలుసుకోవలసిన సంగతీ ఇదే. కొరియరు సంస్థలు పార్సిలును తూకం వేస్తాయి, టేపుతో కొలుస్తాయి కూడా. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5000తో భాగిస్తాయి. వచ్చినదాన్ని వాల్యూమెట్రిక్ వెయిట్ అంటారు. మనం చోటు బరువు అనుకుందాం. అంటే అయిదు లీటర్లు పట్టేంత చోటును ఒక కిలో కింద లెక్కకడతారన్నమాట. అసలు బరువు, చోటు బరువు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే కిరాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. మన జిల్లా పడమటి కొసన పొదటూరుపేట, ఆర్.కె.పేట వైపు నేత ఊళ్లున్నాయి. అక్కడి చీరలు రెండు మీరు హైదరాబాదుకు పంపాలి. పెట్టెతో కలిపి బరువు 1 కిలో 200 గ్రాములు. ఇంట్లో ఉంది కదా అని 40, 30, 20 సెంటీమీటర్ల పెట్టెలో పెట్టారు. చోటు బరువు 4.8 కిలోలు! అవే చీరలను 30, 20, 10 కొలతల పెట్టెలో సర్దితే 1.2 కిలోలే. చాలా సంస్థలు అరకిలో మెట్ల చొప్పున పైకి లెక్కిస్తాయి. ఆ ప్రకారం మొదటి పెట్టెకు 5 కిలోల కిరాయి, రెండవదానికి కిలోన్నర కిరాయి.

ధర చెప్పేటప్పుడే డెలివరీ ఉచితమని మాట ఇచ్చి ఉంటే, ఈ తేడా మీ లాభంలోంచే పోతుంది. సరుకు తిరిగి వస్తే మళ్లీ పోతుంది.

ఈ పద్ధతి మన దగ్గరే కాదు. అమెరికాలో ఫెడెక్స్, యూపీఎస్ సంస్థలు రోడ్డు మార్గంలో పోయే చిన్న పార్సిళ్లకు కూడా 2015 నాటికి దీన్ని వర్తింపజేశాయి.

మరి ఏం చేయాలి? ఒకే పెట్టె అన్నిటికీ వాడకండి, మూడు నాలుగు సైజులు ఉంచుకోండి. బట్టలకు పెట్టె అక్కరలేదు, తడి తగలని గట్టి ప్లాస్టిక్ కవరు చాలు. తాటాకు బుట్టలైతే ఒకదానిలో ఒకటి దూర్చండి. 40, 30, 20 పెట్టెలో ఎత్తు 5 సెంటీమీటర్లు తగ్గించినా చోటు బరువు 3.6 కిలోలకు దిగుతుంది. కొలిచేటప్పుడు ఉబ్బిన చోట కొలవండి. మీరు రాసిచ్చిన కొలతలను వాళ్లు మళ్లీ సరిచూస్తారు, తేడా ఉంటే తరువాత బిల్లులో వేస్తారు. భాగించే సంఖ్య సంస్థను బట్టి మారుతుంది గనుక ముందే అడగండి.

అయితే ఒక్క మాట. పగిలే వస్తువుకు చుట్టూ మెత్త తప్పనిసరి. అక్కడ చోటు మిగిల్చబోతే వస్తువే పోతుంది.

ధర చెప్పకముందే సరుకును సర్దండి, కొలవండి, లెక్క వేయండి. ఆ తరువాతే ధర చెప్పండి. మీ కష్టం మీకు మిగులుతుంది.