రీటేకు లేని షూటింగు!

"షూటింగు" అన్నమాట చెవిన పడగానే మనకు గుర్తొచ్చేదేమిటి? కళ్ళు జిగేల్మనే లైట్లు, ట్రాలీ మీద కెమేరా, "సైలెన్స్!" అని గొంతు చించుకునే అసిస్టెంటు డైరక్టరు, గొడుగు కింద హీరోగారు... అంతేగా? ఈ వారం మిమ్మల్ని ఇంకోరకం షూటింగుకు తీసుకెళ్తాను. అక్కడా "సైలెన్స్" ఉంది. అక్కడా ప్రత్యేకమైన డ్రస్సు ఉంది, రిహార్సళ్ళున్నాయి. లేనిదల్లా ఒక్కటే... రీటేకు!

అదే రైఫిలు షూటింగు.

తెర మీది తుపాకీ

మన తెర మీద తుపాకీకి ఉన్న గ్లామరు ఈనాటిది కాదు. 1971లో "మోసగాళ్ళకు మోసగాడు"లో కృష్ణగారు టోపీ పెట్టి గుర్రమెక్కిన దగ్గర్నుంచీ కౌబాయ్ అంటే మనవాళ్ళకు పూనకమే. 2002లో "టక్కరి దొంగ"తో మహేష్ బాబూ అదే గుర్రమెక్కారు. తెర మీద హీరో గురి చూడడు. నడుము దగ్గర్నుంచే పేలుస్తాడు. ఎక్కడో కొండ మీదున్న విలన్ మనిషి గాల్లో పల్టీకొట్టి కిందపడతాడు. హాల్లో ఈలలే ఈలలు! ఆ ఈలల్లో నావీ ఉన్నాయి లెండి.

కానీ ఫిజిక్సు మాస్టారిని అడిగి చూడండి. గుండు ఎదుటివాణ్ణి ఎంత ఊపుతో తోస్తుందో, కాల్చినవాడి భుజాన్నీ తుపాకీ దాదాపు అంత ఊపుతోనే తంతుంది. విలన్ పదడుగులు ఎగిరిపడాలంటే హీరోగారూ ఎగిరిపడాలి మరి! ఇంకో విశేషం. పెద్ద రైఫిలు గుండు శబ్దం కంటే వేగంగా పోతుంది. దూరాన ఉన్నవాడికి ముందు గుండు తగులుతుంది, తర్వాతే "ఢాం" అని వినపడుతుంది. సినిమాలో చాలాసార్లు ఇది తలకిందులు!

అన్ని సినిమాలూ ఇంతేనా? కాదు. 1973లో వచ్చిన "ది డే ఆఫ్ ది జాకల్" చూశారా? అందులో హంతకుడు అడవిలో చెట్టుకు పుచ్చకాయ వేలాడదీసి, దానికి మొహం గీసి, దూరం నుంచి కాలుస్తాడు. గుండు పక్కకు పోతే టెలిస్కోపు మరను కాస్త తిప్పుతాడు. మళ్ళీ కాలుస్తాడు. మళ్ళీ తిప్పుతాడు. ఫైటు లేదు, డైలాగు లేదు. అయినా ఊపిరి బిగబట్టి చూస్తాం. గురి సరిచేసుకోవడమనే ఆ పనిని షూటర్లు "జీరోయింగు" అంటారు. ఎంత ఖరీదైన రైఫిలైనా ఈ పని చెయ్యకపోతే ఇనప కడ్డీతో సమానం!

పెద్ద గుండైతే గొప్పా?

ఈ వ్యాసం కోసం హైదరాబాదులో ఒక రేంజికి వెళ్ళాను. కొత్తగా చేరిన ఇంటరు కుర్రాడొకడు కోచ్‌గారి వెంటపడ్డాడు.

"సార్, ఈ గాలి తుపాకీ ఇంకా ఎన్నాళ్ళు సార్? పెద్ద రైఫిలు ఎప్పుడిస్తారు?"

"పెద్ద రైఫిలుతో ఏం చేస్తావు నాన్నా?"

"దూరం కొడతా సార్!"

"పది మీటర్లలో తప్పేది వెయ్యి మీటర్లలో తగుల్తుందా?"

కుర్రాడు నోరెత్తలేదు. నిజానికి ఈ విద్యలో సగం కిటుకు ఆ ప్రశ్నలోనే ఉంది.

కాలిబరు అంటే స్థూలంగా తుపాకీ గొట్టం లోపలి వెడల్పు. పాయింట్ 22 అంటే అంగుళంలో నూటికి ఇరవై రెండో వంతు. మన పోలీసుల చేతుల్లో దశాబ్దాలపాటు ఉన్న "త్రీ నాట్ త్రీ" అంటే పాయింట్ 303. ఎగ్జిబిషన్లలో బెలూన్లు కొట్టే గాలి తుపాకీ ఉందే, దాని పెద్దన్నగారే పది మీటర్ల ఒలింపిక్సు ఎయిర్ రైఫిలు. దాని కాలిబరు 4.5 మిల్లీమీటర్లు. యాభై మీటర్ల పోటీలకు పాయింట్ 22. వెయ్యి గజాల పోటీలకు 7.62 మిల్లీమీటర్ల కాలిబరు, అంటే పాయింట్ 308 కుటుంబం. ఇంగ్లండులోని బిస్లీ మైదానంలో 1890 నుంచీ ఈ దూరాల పోటీలు జరుగుతున్నాయి.

పెద్ద కాలిబరు తీసుకుంటే ఏమవుతుంది? గుండు దూరం పోతుంది, నిజమే. కానీ భుజం మీద తన్నూ పెద్దదే. నాలుగు గుళ్ళు పేలేసరికి మీకు తెలియకుండానే ఒళ్ళు ముందుగా ఉలిక్కిపడటం మొదలెడుతుంది. ట్రిగ్గరు నొక్కకముందే కళ్ళు మూసుకుపోతాయి. గురి గోవిందా! తూటాల ఖర్చూ ఎక్కువే. అందుకే అనుభవజ్ఞుల లెక్క వేరు: పని జరిగే కాలిబర్లలో చిన్నదేదో అదే మంచిది.

2007లో అమెరికాలో పుట్టిన 6.5 క్రీడ్‌మూర్ అనే తూటా సంగతే చూడండి. పాయింట్ 308 కంటే గుండు సన్నం. కానీ పొడుగ్గా, మొనదేలి ఉంటుంది కాబట్టి గాలిని సులువుగా చీల్చుకుపోతుంది. తన్ను తక్కువ, దూరాన గురి ఎక్కువ. లావుపాటి విలన్ని సన్నపాటి హీరో కొట్టినట్టే!

వెయ్యి గజాల దూరాన...

గుండు గీత గీసినట్టు తిన్నగా పోతుందనుకుంటాం. పోదు. గొట్టం దాటిన క్షణం నుంచే భూమి దాన్ని కిందికి లాగుతుంది. పాయింట్ 308 రైఫిలును వంద గజాలకు జీరో చేసి, అదే గురితో వెయ్యి గజాలకు పేలిస్తే, గుండు ముప్పై అడుగులకు పైగా కిందికి దిగిపోతుంది. అంటే మూడంతస్తుల మేడ! అంతదూరం చేరడానికి దానికి ఒకటిన్నర సెకన్లకు పైనే పడుతుంది. ఈలోగా గంటకు పది మైళ్ళ గాలి పక్కనుంచి వీచిందా, గుండు ఏడెనిమిది అడుగులు పక్కకు జరుగుతుంది.

సినిమాలో టెలిస్కోపులోని ప్లస్సు గుర్తు విలన్ నుదుటి మీద పెట్టగానే పని అయిపోతుంది. రేంజిలో మాత్రం దూరం కొలవాలి, టెలిస్కోపు మరను లెక్క ప్రకారం తిప్పాలి, జెండాలు ఎటు ఊగుతున్నాయో చూడాలి, ఎండలో ఆడే ఆవిరి తరంగాలు ఎటు వాలుతున్నాయో గమనించాలి. అప్పుడు పేల్చాలి.

గురి ఎలా కుదురుతుంది?

డిగ్రీలో ఎన్.సి.సి. క్యాంపుకు వెళ్ళినప్పుడు పాయింట్ 22 రైఫిలు మొదటిసారి పట్టుకున్నాను. చాప మీద బోర్లా పడుకుని ఐదు గుళ్ళు. మా హవల్దారుగారు టార్గెటు కాగితం చూసి, మధ్యలో ఒక గుండు, నాలుగు మూలలా నాలుగు కొట్టిన వాడి కంటే, ఐదూ ఒక పక్కన ఒకే రూపాయి బిళ్ళంత చోట కొట్టినవాణ్ణి మెచ్చుకున్నారు. "వీడి చెయ్యి నిలిచింది. మరను నేను తిప్పుతా. చెయ్యి నిలవనివాడికి ఏం తిప్పను?" అన్నారు. దీన్నే గ్రూపింగు అంటారు.

చెయ్యి నిలవడానికి సాధకులు చేసేవి ఇవీ:

మొదటిది, కండబలంతో రైఫిలు మొయ్యరు. ఎముకల మీద ఆనిస్తారు. కండ అలసి వణుకుతుంది, ఎముక వణకదు.

రెండోది, గురి పెట్టి కళ్ళు మూసుకుని, రెండుసార్లు ఊపిరి పీల్చి వదిలి, మళ్ళీ కళ్ళు తెరుస్తారు. గురి పక్కకు జరిగి ఉంటే చేత్తో రైఫిలును లాగరు. మొత్తం ఒళ్ళే జరుపుకుంటారు.

మూడోది, ఊపిరి వదిలాక మళ్ళీ పీల్చేలోపు సహజంగా కొన్ని సెకన్ల విరామం ఉంటుంది చూశారా, ఆ సందులోనే పేలుస్తారు. ట్రిగ్గరును గుంజరు, నిదానంగా ఒత్తుతారు. పేలాక కూడా ఒక్క క్షణం కదలరు.

నాలుగోది, అసలైనది... తూటా లేకుండా సాధన! రైఫిలు ఖాళీ అని ఒకటికి రెండుసార్లు చూసుకుని, గొట్టం మీద రూపాయి బిళ్ళ నిలబెట్టి ట్రిగ్గరు ఒత్తుతారు. బిళ్ళ పడకూడదు. రోజూ వందలసార్లు ఇదే. చూసేవాడికి విసుగు, చేసేవాడికి తపస్సు. నేను చూసిన రేంజిలో గంటన్నరసేపు ఒక అమ్మాయి ఇదే చేసింది. ఒక్క గుండు కూడా పేల్చలేదు!

ఇంత సాధన దేనికంటారా? పది మీటర్ల ఎయిర్ రైఫిలు టార్గెటులో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. దాన్ని కొట్టే పెల్లెట్టు కంటే చుక్కే చిన్నది!

అసలైన సినిమా కథ

ఇప్పుడొక కథ చెబుతాను. ఏ రచయితా అల్లింది కాదు. అమెరికా షూటరు మాథ్యూ ఎమన్స్ 2004 ఏథెన్స్ ఒలింపిక్సులో యాభై మీటర్ల మూడు భంగిమల పోటీ ఫైనల్లో అందరికంటే ముందున్నాడు. మిగిలింది ఒక్క గుండు. ఓ మాదిరిగా కొట్టినా బంగారం అతనిదే. కొట్టాడు. తెర మీద స్కోరు రాలేదు. ఏమైంది? తన టార్గెటు వదిలేసి పక్కవాడి టార్గెటును కొట్టాడు! సున్నా! మొదటి స్థానం నుంచి ఎనిమిదో స్థానానికి పడిపోయాడు.

ఆ సాయంత్రం అతన్ని ఓదార్చడానికి వచ్చింది చెక్ షూటరు కాటెరీనా. పరిచయం ప్రేమైంది. 2007లో పెళ్ళయింది. 2008 బీజింగ్ ఒలింపిక్సులో మొట్టమొదటి బంగారు పతకం ఆమెదే. భర్తగారు అదే మూడు భంగిమల పోటీలో మళ్ళీ ముందున్నాడు. మళ్ళీ చివరి గుండు. గురి ఇంకా కుదరకముందే వేలు ట్రిగ్గరుకు తగిలింది. స్కోరు 4.4! నాలుగో స్థానం. అయినా రైఫిలు పారెయ్యలేదు. 2012 లండన్‌లో అదే పోటీలో కాంస్యం తెచ్చుకున్నాడు.

చూశారా! రీటేకు ఉంటే ఎమన్స్ ఇంట్లో ఇంకో రెండు బంగారాలుండేవి.

మనవాళ్ళు తక్కువా? 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా చివరి గుండుకు ముందు ఇంకొకరితో సమానంగా ఉన్నాడు. అప్పుడు కొట్టింది 10.8. భారతదేశానికి వ్యక్తిగత పోటీల్లో తొలి ఒలింపిక్సు బంగారం! అదే పోటీలో మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 595 పాయింట్లు కొట్టీ, స్కోరు సమానమైన చోట లెక్కలో వెనకబడి, ఫైనలు చేరలేకపోయాడు. నాలుగేళ్ళు కాచుకుని 2012లో కాంస్యం కొట్టాడు. 2024 పారిస్‌లో యాభై మీటర్ల మూడు భంగిమల్లో కాంస్యం తెచ్చిన కొల్హాపూర్ జిల్లా కుర్రాడు స్వప్నిల్ కుసాలే అప్పటికి రైల్వే టిక్కెట్ కలెక్టరు. ధోనీ కూడా ఒకప్పుడు ఆ ఉద్యోగమే చేశాడు కదా! 2016లో వచ్చిన ధోనీ సినిమాను పదేపదే చూసి ఉత్సాహం తెచ్చుకున్నానని స్వప్నిల్ చెప్పాడు. సినిమా చూస్తే చెడిపోతారనే పెద్దవాళ్ళకు ఈ ముక్క చదివి వినిపించండి!

మీకూ ముచ్చటేస్తే...

నేరుగా గుర్తింపు ఉన్న రేంజికే వెళ్ళండి. పది మీటర్ల ఎయిర్ రైఫిలుతో మొదలెట్టండి. తూటా పేలే రైఫిలుకు లైసెన్సు తప్పనిసరి. త్రీ నాట్ త్రీ, 7.62 లాంటి సైనిక కాలిబర్లు మామూలు పౌరులకు దొరకవు. మన ఆయుధ కర్మాగారాల్లో తయారైన పాయింట్ 315 రైఫిలు ఆ నిషేధం కారణంగానే అంత వాడుకలోకి వచ్చింది. ఇక ఏ తుపాకీనైనా నిండుగా ఉందనే అనుకోవాలి. గొట్టం ఎప్పుడూ టార్గెటు వైపే. కాల్చాలనుకునేదాకా వేలు ట్రిగ్గరు మీద పెట్టకూడదు. 2021లో అమెరికాలో "రస్ట్" సినిమా సెట్టు మీద, ప్రమాదం లేదనుకున్న తుపాకీ పేలి ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ ప్రాణం పోయింది. అన్ని షూటింగులకూ ఈ సూత్రం ఒక్కటే.

ఇక మా నిర్మాతలకు, దర్శకులకు చిన్న విన్నపం. గుర్రాలు, కొండలు, డజన్లకొద్దీ విలన్లు చాలా చూశాం. ఒకసారి ఒక కుర్రాడు, ఒక పాయింట్ 22 రైఫిలు, ఒక్క చివరి గుండు... ఇంతే పెట్టి కథ తియ్యండి. మొదటిరోజు మొదటి ఆటకు నా టిక్కెట్టు నేనే కొనుక్కుంటాను. పాసు కూడా అడగను!