పట్టుబడిన ట్యాంకు - పేరున్న పతకము

యుద్ధములో శత్రువు నుండి చేజిక్కిన వస్తువును విజయచిహ్నముగా నిలుపుట ప్రాచీనమైన ఆచారము. హైదరాబాదు హుస్సేన్ సాగర్ గట్టున నిలిపిన పాటన్ ట్యాంకు అట్టిదే. అమెరికాలో తయారై, పాకిస్థాను సైన్యమునకు చేరి, 1971 యుద్ధములో మన సైన్యమునకు చిక్కినది. అటువంటి వస్తువు ఎవరి సొత్తు? పట్టుకొనిన సిపాయిది మాత్రము కాదు. శత్రుసైన్యపు ఆయుధములు, వాహనములు ప్రభుత్వపరమగును. బందీ సొంత వస్తువుల సంగతి వేరు. అతని హోదా చిహ్నములను, పతకములను, ఆప్తుల జ్ఞాపికలను తీసికొనరాదని 1949 నాటి మూడవ జెనీవా ఒప్పందము 18వ అధికరణము శాసించుచున్నది. అందుచేత సిపాయి ఇంటికి తెచ్చుకొనగలిగినది మిక్కిలి స్వల్పము.

ఆ ట్యాంకుల నెదిరించినవారెవరు? 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ ప్రాంతమున, జీపుపై అమర్చిన ఫిరంగితో పాటన్ ట్యాంకులను ధ్వంసము చేసి ప్రాణమర్పించిన హవల్దారు అబ్దుల్ హమీద్ ఒక దర్జీ కుమారుడు. ఆయనకు పరమవీర చక్రము లభించినది. 1971 డిసెంబరులో, సికింద్రాబాదు స్థావరముగా గల 54వ పదాతి డివిజను షకర్‌గఢ్ ప్రాంతమున బసంతర్ నదిని దాటి పోరాడినది. మద్రాసు రెజిమెంటు 16వ పటాలము అందున్నది. డిసెంబరు 16న పాటన్ ట్యాంకులతో పోరాడుచు మరణించిన అరుణ్ ఖేతర్‌పాల్ వయస్సు 21 ఏండ్లు మాత్రమే. ఆయనకును పరమవీర చక్రమే.

ఇంత ఘనమైన ఉక్కు వాహనమును చూచి మనము అబ్బురపడుదుము. కాని అది పోరాడిన సామాన్య సిపాయి పేరు చెప్పదు. మా దృష్టిలో దానికంటె విలువైన జ్ఞాపిక వేరొకటి కలదు. 1971లో పడమటి రంగమున పనిచేసినవారికి పశ్చిమీ స్టార్, తూర్పు రంగమున పనిచేసినవారికి పూర్వీ స్టార్ ఒసగిరి. మన సైనిక పతకములపై సిపాయి సంఖ్య, హోదా, పేరు చెక్కియుండును. ఒకప్పుడు రాయలసీమ గ్రామములలో వీరగల్లు చేసిన పని ఇదియే. ఆళ్ళగడ్డ శిల్పుల ఉలి దేవతామూర్తులను చెక్కినట్లే సిపాయి పేరును గూడ చెక్కగలదు!

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతముల మాజీ సైనికుల ఇండ్లకు మన విద్యార్థులు వెళ్ళవలెనని కళాశాల సంఘమునకు మనవి చేయుచున్నాము. పతకము అంచుపైని అక్షరములను, డిశ్చార్జి పుస్తకములోని చేరిన తేదీని, పటాలమును, విడుదలైన తేదీని నకలు వ్రాసికొనవలెను. ఉర్దూ తెలిసిన విద్యార్థి ఒకడు, తెలుగు వ్రాయువాడొకడు కలసి వెళ్ళిన మేలు. నాటి సిపాయిలు డెబ్బది ఏండ్లు దాటినవారు. ట్రంకు పెట్టెల అడుగున ఆ పుస్తకముల కాగితము పెళుసెక్కుచున్నది.