అర్రే మూలకాలను తిరిగి అమర్చడం: డచ్ జెండా సమస్య

ఈ భాగంలో మరో అర్రే సహాయం లేకుండా, ఉన్న అర్రేలోనే మూలకాలను తిరిగి అమర్చే పద్ధతిని తెలుసుకుంటారు. కాగితం, పెన్సిల్ దగ్గర ఉంచుకొని చదవండి.

1. సమస్య

ఒక అర్రేలో 0, 1, 2 అనే విలువలు కలగలిసి ఉన్నాయి. 0లు ముందు, 1లు మధ్యలో, 2లు చివర వచ్చేటట్లు అమర్చాలి. నెదర్లాండ్స్ జెండాలోని ఎరుపు, తెలుపు, నీలం పట్టీల పోలికతో ఆ దేశపు కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1976లో వెలువడిన తన గ్రంథంలో ఇటువంటి సమస్యను చర్చించారు. అందుకే దీనికి ఆ పేరు వచ్చింది.

ఏ విలువ ఎన్నిసార్లు ఉందో లెక్కించి అర్రేను మళ్లీ నింపితే చాలదా? అంకెలే ఉంటే చాలు. కాని ప్రతి మూలకం ఒక విద్యార్థి రికార్డు అయి, అందులో ఈ అంకె ఒక సంకేతం మాత్రమే అయితే, అంకెలను తిరిగి రాయడం కుదరదు. రికార్డులనే కదపాలి.

2. పద్ధతి

'ఎడమ', 'నడుమ', 'కుడి' అనే మూడు సూచికలు తీసుకోండి. మొదట ఎడమ = 0, నడుమ = 0, కుడి = చివరి స్థానం. నడుమ విలువ కుడి విలువను దాటే వరకు కింది పని చేయండి.

• నడుమ స్థానంలో 0 ఉంటే: దాన్ని ఎడమ స్థానంలోని మూలకంతో మార్పిడి చేసి, ఎడమ, నడుమ రెండింటినీ 1 పెంచండి.
• 1 ఉంటే: నడుమను 1 పెంచండి.
• 2 ఉంటే: కుడి స్థానంలోని మూలకంతో మార్పిడి చేసి, కుడిని 1 తగ్గించండి. నడుమను పెంచవద్దు.

ఉదాహరణ: 2, 0, 1, 2, 1, 0

మొదటి దశలో 2 చివరకు వెళ్లి 0, 0, 1, 2, 1, 2 అవుతుంది. తరువాతి మూడు దశల్లో రెండు 0లు, ఒక 1 తమ చోటనే ఉంటాయి. ఐదో దశలో 2, 1 మారి 0, 0, 1, 1, 2, 2 వస్తుంది. ఆరో దశతో పని ముగుస్తుంది. ప్రతి దశలో పరిశీలించని భాగం ఒకటి తగ్గుతుంది కనుక 6 మూలకాలకు 6 దశలే పడతాయి.

3. నడుమను ఎందుకు పెంచకూడదు?

ప్రతి దశలోనూ ఈ నియమం నిలిచి ఉంటుంది: ఎడమకు ముందున్నవన్నీ 0లు, ఎడమ నుంచి నడుమకు ముందు వరకు 1లు, కుడి తరువాత 2లు. నడుమ నుంచి కుడి వరకు ఉన్నవి ఇంకా చూడనివి. కుడి నుంచి వచ్చిన మూలకం చూడనిది కనుక దాన్ని పరీక్షించకుండా ముందుకు వెళ్లరాదు.

పొరపాటున అక్కడ నడుమను కూడా పెంచితే పై ఉదాహరణకు సరైన జవాబే వస్తుంది! కాని 1, 2, 0 ఇచ్చి చూడండి. 1, 0, 2 వస్తుంది. ఒక ఉదాహరణకు జవాబు సరిపోయినంత మాత్రాన ప్రోగ్రామ్ సరైనదని అనుకోకండి. నియమం ప్రతి దశలో నిలుస్తోందా అని చూడండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

0 దొరికినప్పుడు మార్పిడి తరువాత నడుమను నిస్సందేహంగా పెంచవచ్చు. ఎందుకో పై నియమం ఆధారంగా రెండు వాక్యాల్లో రాయండి.