కందిగింజంత క్యాపు, ఆరు గుండ్ల తుపాకి

చిత్తూరు జిల్లాలో పలమనేరు, కుప్పం వైపు అడవి అంచు ఊళ్లలో వేరుశనగ కాపుకొచ్చిందంటే రాత్రి కాపలా తప్పదు. అడవిపందుల మంద చేలో దిగిందంటే తెల్లారేసరికి మిగిలేది కెళ్లగించిన మన్నే. ఆ కాపలాకో, చాటుమాటు వేటకో వాడే నాటు తుపాకులు పట్టుబడ్డాయని పేపర్లో వార్త వస్తూనే ఉంటుంది. ఫొటోలో పొడవాటి ఇనుప గొట్టం, చెక్క మడమ ముందు కంటపడతాయి. అసలు చూడాల్సింది గొట్టం వెనక కొసన ఉన్న చిన్న బొడిపెను. దానికి సన్నటి బెజ్జం ఉంటుంది. దాని మీద కందిగింజంత రాగి క్యాపు తొడుగుతారు. మీట నొక్కగానే గుర్రం, అంటే సుత్తి, క్యాపు మీద పడుతుంది. ఆ దెబ్బకు క్యాపులోని మందు భగ్గుమని, నిప్పు బెజ్జంలోంచి గొట్టంలోకి దూకుతుంది. దీపావళికి పిల్లలు పేల్చే రీలు తుపాకిలో మందు అంటుకునేదీ సుత్తి దెబ్బకే.

1804లో చిత్తూరు పాలెగాళ్లు ఈస్టిండియా కంపెనీ మీద తిరగబడినప్పుడు ఈ సౌకర్యం ఏ పక్షానికీ లేదు. కాలే వత్తితోనో, చెకుముకి రాయి నిప్పురవ్వతోనో మందు ముట్టించాల్సిందే. వాన పడితే తుపాకి ఉత్త కర్ర కిందే లెక్క.

ఆ చిక్కును విప్పింది సైనికుడు కాదు, స్కాట్లాండులోని ఒక చర్చి పాస్టరు. అలెగ్జాండర్ ఫోర్సిత్‌కు పిట్టల వేట సరదా. చెకుముకి తుపాకిలో ముందు పైన మెరుపు మెరిసి, ఆ తర్వాత గుండు వెళ్తుంది. మెరుపు చూసిన పిట్ట ఎగిరిపోయేది. దెబ్బకే అంటుకునే రసాయనంతో పేల్చే పద్ధతికి ఆయన 1807లో పేటెంటు తీసుకున్నాడు. తర్వాతి ఇరవై ఏళ్లలోపే ఆ రసాయనం రాగి క్యాపులోకి చేరింది. క్యాపును కనిపెట్టింది మేమేనని చాలామంది చెప్పుకున్నారు. ఆ తగువు ఇప్పటికీ తేలలేదు.

క్యాపు వచ్చాకే రివాల్వర్ నిలదొక్కుకుంది. ఈ కథలో మన దేశం ప్రస్తావనా ఉంది. 1830లో శామ్యూల్ కోల్ట్ అనే అమెరికా కుర్రాడు కలకత్తా వెళ్లే కోర్వో ఓడలో పనికి చేరాడు. ఆ ప్రయాణంలోనే, తిరిగే సిలిండర్ తుపాకి నమూనాను కొయ్యలో చెక్కాడంటారు. ఓడ చక్రాన్ని చూసి ఆలోచన పుట్టిందన్నది మాత్రం ప్రచారానికి బాగా పనికొచ్చే కథలా ఉంది. ఎందుకంటే ఎలీషా కోలియర్ 1818లోనే చెకుముకి రివాల్వర్‌కు పేటెంటు పొందాడు. 1836లో కోల్ట్‌కు అమెరికా పేటెంటు దక్కింది.

ఆయన తుపాకుల్లో పేరు మోసింది 1851 నేవీ మోడల్. ఎనిమిది పలకల గొట్టం, ఆరు అరల సిలిండర్. సిలిండర్ చుట్టూ ఓడల యుద్ధం బొమ్మ చెక్కి ఉంటుంది. ఒక్కో అరలో ముందువైపు నుంచి మందు పోసి, సీసపు గుండు పెట్టి, గొట్టం కింది మీట లాగితే గుండు లోపలికి దిగబడుతుంది. గుండు అరకన్నా కాస్త లావు. కాబట్టి దిగేటప్పుడు దాని అంచు సన్నటి సీసపు రింగులా తెగి పైకొస్తుంది. ఆ రింగు రాకపోతే గుండు వదులని అర్థం. అన్నీ నింపాక వెనక ఆరు బొడిపెలకు ఆరు క్యాపులు.

గురి చూసే గాడి ఎక్కడుందంటే, ఎత్తిపెట్టిన సుత్తి ముక్కు మీదే! ఇంత ముచ్చటైన తుపాకికీ రోగాలున్నాయి. పేలిన క్యాపు తునకలు సుత్తి సందులో పడితే సిలిండర్ తిరగదు. అందుకే అలవాటున్నవాళ్లు తుపాకిని పైకెత్తి సుత్తి లాగుతారు. ఒక అర నిప్పు పక్క అరలకు పాకి, గుండ్లన్నీ ఒక్కసారే పేలిన ప్రమాదాలూ ఉన్నాయి. గుండు మీద కొవ్వు పూయడం ఆ భయంతోనే.

మందు, గుండు, క్యాపు ఒకటిగా ఉండే తూటాను వెనక నుంచి పెట్టే సిలిండర్ పేటెంటు రోలిన్ వైట్ చేతిలో ఉండగా కోల్ట్ కంపెనీకి క్యాపు రివాల్వర్ తప్ప వేరే దారి లేకపోయింది. 1869లో ఆ గడువు తీరింది. 1873లో కోల్ట్ తూటా రివాల్వర్ రాగానే క్యాపు రివాల్వర్ పాత సామానైంది.

దానికి మళ్లీ ప్రాణం పోసింది ఇటలీ. బ్రెషా దగ్గర గార్దోనె వాల్ త్రోంపియాలో 1950ల చివరి నుంచి 1851 నేవీ నకళ్లు తయారవుతున్నాయి. ఉబెర్తి కంపెనీ 1959లో మొదలైంది. అమెరికా అంతర్యుద్ధ శతాబ్ది దగ్గరపడటంతో గిరాకీ పెరిగింది, తర్వాత ఇటలీ కౌబాయ్ సినిమాలు తోడయ్యాయి. వాటి గాలి మనకూ సోకి 1971లో కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చింది.

చిత్తూరు నాటు తుపాకి మాత్రం నకలు కాదు. ఇక్కడ ఆ పద్ధతి పోలేదు కాబట్టి ఎవరూ తిరిగి తేనక్కర్లేకపోయింది. నల్లమందు, గుండు, క్యాపు విడివిడిగా నింపుకునే తుపాకికి ఫ్యాక్టరీ తూటాతో పని లేదు. అది ఇన్నాళ్లు నిలవడానికి ముఖ్య కారణం అదేననిపిస్తుంది.

చట్టం చూపు దేశానికొక తీరు. అమెరికాలో 1968 నాటి కేంద్ర చట్టం ఇలాంటి క్యాపు నకళ్లను పురాతన ఆయుధాలుగా లెక్కగట్టి లైసెన్సు బెడద తప్పించింది. మన 1959 ఆయుధ చట్టం 13వ సెక్షన్, పంట రక్షణకు నిజంగా కావాల్సినవారికి మూతి నుంచి నింపే తుపాకి లైసెన్సును ప్రత్యేకంగా పేర్కొంది. లైసెన్సున్నా అడవిపందిని కాల్చే హక్కు మాత్రం రాదు, అది 1972 వన్యప్రాణి చట్టం చూసుకుంటుంది. ఇక కోల్ట్ నేవీ గొట్టం ఏడున్నర అంగుళాలే, మందు నింపేది మూతి నుంచి కాదు, సిలిండర్ నుంచి. క్యాపూ నల్లమందూ ఒకటే అయినా, పంట కాపలా పేరు చెప్పి ఆ రివాల్వర్‌కు లైసెన్సు అడగడానికి ఆ సెక్షన్‌లో చోటు లేదు.