మనోవిజ్ఞానశాస్త్ర పరిశోధనల విశ్వసనీయత

పరిచయం

పరికల్పన, ప్రతిదర్శం, సార్థకత స్థాయి అనే భావనలు మీకు ఇప్పటికే పరిచయం. వీటన్నింటినీ ఉపయోగించి, దత్తాంశంలో ఒక్క అంకె కూడా మార్చకుండానే పరిశోధకుడు తప్పుడు నిర్ధారణకు రావచ్చు. అది ఎలా జరుగుతుందో, దానిని ఎలా నివారించవచ్చో ఈ భాగంలో తెలుసుకుందాం.

1. పునరావృతిలో తేలిన విషయం

ఒక ప్రయోగాన్ని అదే పద్ధతిలో కొత్త ప్రయోజ్యులపై మళ్ళీ నిర్వహించడాన్ని 'పునరావృతి' అంటారు. 2008లో మూడు ప్రముఖ మనోవిజ్ఞానశాస్త్ర పత్రికల్లో వెలువడిన అధ్యయనాలలో 100 అధ్యయనాలను ఎంచుకొని, అమెరికా మనోవిజ్ఞానవేత్త బ్రయన్ నోసెక్ నాయకత్వంలో 270 మంది పరిశోధకులు పునరావృతం చేశారు. ఫలితాలు 2015లో 'సైన్స్' పత్రికలో వెలువడ్డాయి. మూల అధ్యయనాల్లో 97 శాతం సార్థక ఫలితాలను చూపాయి. పునరావృతిలో 36 శాతం మాత్రమే చూపాయి. ప్రభావ పరిమాణం సగటున దాదాపు సగానికి తగ్గింది.

మిగిలినవన్నీ తప్పని దీని అర్థం కాదు. ప్రయోజ్యులు, పరిస్థితులు మారితే ఫలితం కూడా మారవచ్చు. అయినా ఇంత తేడా ఎందుకు వచ్చిందన్నది ఆలోచించవలసిన ప్రశ్న.

2. తప్పు ఎక్కడ ప్రవేశిస్తుంది?

సార్థకత స్థాయి 0.05 అంటే, నిజానికి ఏ ప్రభావమూ లేకపోయినా 100 పరీక్షల్లో సుమారు 5 పరీక్షలు యాదృచ్ఛికంగా సార్థక ఫలితాన్ని చూపుతాయి. ఏ పరీక్ష చేయాలో ముందే నిర్ణయించుకొని, ఒక్కసారే చేసినప్పుడు ఈ లెక్క వర్తిస్తుంది. అనేక విధాలుగా లెక్కకట్టి, అనుకూలంగా వచ్చినదాన్నే ప్రచురిస్తే వర్తించదు.

2011లో సిమన్స్, నెల్సన్, సైమన్‌సోన్ అనే ముగ్గురు పరిశోధకులు దీనిని ఒక ప్రయోగంతో నిరూపించారు. బీటిల్స్ బృందం పాట ఒకటి విన్న విద్యార్థులు, వేరొక సంగీతం విన్నవారి కన్నా దాదాపు ఏడాదిన్నర చిన్నవారైపోయినట్లు వారి విశ్లేషణలో తేలింది! పాట వింటే వయసు తగ్గదు కదా. అయినా ఫలితం సార్థకంగానే వచ్చింది. ఎందుకంటే ఎంతమందిని పరీక్షించాలో వారు ముందుగా నిర్ణయించుకోలేదు; ప్రయోజ్యులను అనేక ప్రశ్నలు అడిగి, పనికొచ్చిన సమాధానాన్నే లెక్కలోకి తీసుకున్నారు; మూడో పాట విన్న సమూహాన్ని వదిలేశారు. ఇటువంటి నాలుగు వెసులుబాట్లను కలిపి వాడుకుంటే, లేని ప్రభావం ఉన్నట్లు కనిపించే అవకాశం 5 శాతం నుంచి సుమారు 61 శాతానికి పెరుగుతుందని వారు లెక్కకట్టి చూపారు.

3. నివారణ మార్గాలు

అ) ముందస్తు నమోదు: పరికల్పన, ప్రయోజ్యుల సంఖ్య, విశ్లేషణ పద్ధతి మొదలైనవాటిని దత్తాంశ సేకరణకు ముందే తేదీతో సహా నమోదు చేయాలి. తరువాత తోచిన విశ్లేషణ నిషిద్ధం కాదు. అయితే అది తరువాత తోచినదని స్పష్టంగా చెప్పాలి.

ఆ) నమోదిత నివేదిక: పరిశోధన ప్రశ్నను, పద్ధతిని చూసి పత్రిక ముందే అంగీకారం తెలుపుతుంది. ఫలితం ఎటు వచ్చినా ప్రచురిస్తుంది. 'కార్టెక్స్' పత్రిక 2013లో ఈ విధానాన్ని ప్రవేశపెట్టింది.

ఇ) ఉమ్మడి పరీక్షలు: ఆత్మనిగ్రహం వాడేకొద్దీ తరిగిపోతుందన్న భావనకు 1998 నాటి ప్రయోగాలతో ప్రాచుర్యం వచ్చింది. 23 ప్రయోగశాలలు రెండు వేలకు పైగా ప్రయోజ్యులతో దానిని పరీక్షించగా, ప్రభావం దాదాపు శూన్యమని 2016లో వెల్లడైంది.

ఈ) దత్తాంశాన్ని అందుబాటులో ఉంచడం: నెదర్లాండ్స్‌కు చెందిన ఆచార్యుడు డీడెరిక్ స్టాపెల్ దత్తాంశాన్ని కల్పించినట్లు 2011లో బయటపడింది. మూల దత్తాంశాన్ని ఇతరులు పరిశీలించగలిగితే ఇటువంటి మోసం దాగడం కష్టం.

4. మీరు పాటించవలసినది

మీ ప్రాజెక్టు పని ప్రారంభించే ముందు ఎంతమందిని, ఏ ప్రశ్నావళితో పరీక్షిస్తారో, ఎక్కడ ఆపుతారో ఒక కాగితంపై రాసి, తేదీ వేయండి. పరికల్పన నిలబడకపోతే ఆ విషయాన్నే నివేదికలో రాయండి. అది వైఫల్యం కాదు, అదీ ఒక ఫలితమే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పునరావృతి అంటే ఏమిటి?
2. దత్తాంశాన్ని మార్చకుండానే తప్పుడు నిర్ధారణ ఎలా రాగలదు?
3. ముందస్తు నమోదుకు, నమోదిత నివేదికకు మధ్య తేడాను వివరించండి.